వంకాయ చుట్టాలు, తులసి బంధువులు

కిందటి సంచికలో ఒక జవాబు మధ్యలో 'టేకు చెట్టు కూడా తులసి కుటుంబానిదే' అని ఓ మాట అనేసి ముందుకెళ్ళిపోయాను. ఇక చూడండి, నమ్మలేకపోతున్నామని కొందరు, ఎలాగో చెప్పమని కొందరు, పనిలో పనిగా వంకాయ, మిరప కుటుంబం సంగతి కూడా తేల్చెయ్యమని ఇంకొందరు రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ రెండింటికే ఇచ్చేస్తున్నా. వంకాయ కుటుంబం పేరు సొలనేసి, తులసి కుటుంబం పేరు లామియేసి. మొదటి దాంట్లో 2,500కు పైగా జాతులున్నాయి, రెండో దాంట్లో 7,000 దాకా. అన్నీ చెప్పే చోటు లేదు, మీరు అడిగినవే చెప్తాను. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: టమాటా, వంకాయ, బంగాళాదుంప, మిరపకాయ అన్నీ 'నైట్‌షేడ్' అనే విషపు మొక్కల కుటుంబమట, కీళ్ళ నొప్పులున్నవాళ్ళు మానెయ్యాలట. మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నాకు అరవై దాటాయి, మోకాళ్ళు నొప్పులే. ఈ నాలుగూ తీసేస్తే ఇంక వండుకోడానికి ఏముంటుందండీ? — గృహిణి, విజయవాడ

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది, అందుకే అంత ధైర్యంగా ఊరంతా తిరుగుతోంది. నాలుగూ ఒకే కుటుంబం అన్నది నిజం. అదే కుటుంబంలో ఉమ్మెత్త, పొగాకు, యూరప్‌లో పెరిగే బెల్లడోనా ఉన్నాయన్నదీ నిజమే. కానీ వృక్షశాస్త్రంలో కుటుంబం అంటే పూవు ఎలా ఉంది, కాయ ఎలా కట్టింది, గింజలు ఎక్కడ అంటుకుని ఉన్నాయి అని చూసి, ఈమధ్య డీఎన్ఏ కూడా పోల్చి కలిపిన గుంపు. తింటే ఏమవుతుందో చూసి కలిపింది కాదు. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, స్కోపోలమిన్ అనే విషాలు మనం తినే టమాటాలో ఉండవు. టమాటాకి దానిదే అయిన టొమాటిన్ ఉంది, అది కాయ పండే కొద్దీ తగ్గిపోతుంది.

వంకాయలో నికోటిన్ ఉందని కూడా రాశారు కదా ఆ మెసేజ్‌లో, ఉంది, కాదనను. ఎంత ఉందో మాత్రం వాళ్ళు రాయలేదు. 10 గ్రాముల వంకాయలో 1 మైక్రోగ్రాము. ఒక సిగరెట్టు తాగితే ఒంట్లోకి వెళ్ళే నికోటిన్‌కి అది సాటి రావాలంటే ఒక్క కూర్చున్న మీద పది కిలోల వంకాయలు లాగించాలి. గుత్తి వంకాయ ఎంత ఇష్టమైనా అంత మాత్రం ఎవరూ తినరు.

ఈ కూరగాయల వల్ల కీళ్ళ వాతం వస్తుందని గట్టిగా రుజువు చేసిన పరిశోధన ఏదీ లేదు. అయితే ఒక్కొక్కరి ఒంటికి ఒక్కోటి పడకపోవచ్చు. వంకాయ తింటే ఒళ్ళు దురదలు పెట్టేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు, అది ఎలర్జీ, వేరే సంగతి. మీకు ఫలానా కూర తిన్న మర్నాడే నొప్పి పెరుగుతోందన్న అనుమానం ఉంటే ఆ ఒక్కదాన్నే కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ తిని చూడండి. నాలుగింటినీ ఒకేసారి మానేస్తే దేనివల్లో తెలియదు, నోటికి రుచీ ఉండదు. నొప్పులకి మాత్రం డాక్టరుకే చూపించుకోండి.

ప్రశ్న: ఇంటర్ బైపీసీలో సొలనేసి పుష్ప సంకేతం (పూవు భాగాల్ని గుర్తులతో రాసే సూత్రం) బట్టీ పట్టించారు. నిజం మొక్క చూసి గుర్తుపట్టేదెలా? టేకు తులసి కుటుంబం అని మీరు రాశారు, మా లెక్చరర్ వర్బినేసి అనే వేరే కుటుంబం అంటున్నారు. ఎవరు కరెక్ట్? — విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు తగవు తీర్చేద్దాం. మీ లెక్చరర్ గారు చదువుకున్నప్పుడు టేకు వర్బినేసిలోనే ఉండేది, ఇప్పటికీ చాలా పుస్తకాల్లో అక్కడే ఉంది. 1990ల నుంచి పూల నిర్మాణాన్ని మళ్ళీ తరచి చూడటం, ఆ తర్వాత డీఎన్ఏ పోల్చడం మొదలయ్యాక టేకు, గుమ్మడి టేకు, వావిలి లాంటివాటిని లామియేసిలోకి మార్చారు. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఏముంటే అదే రాయండి, మార్కులు ఇచ్చేది నేను కాదు.

ఇక గుర్తుపట్టడం. పెరట్లోకి వెళ్ళి తులసి కొమ్మనో పుదీనా కాడనో బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దొర్లించండి. గుండ్రంగా దొర్లదు, నాలుగు అంచులు తగులుతాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, ఒక జంట తూర్పు పడమరలకి ఉంటే దాని పై జంట ఉత్తర దక్షిణాలకి ఉంటుంది. పూవుకి పై పెదవి, కింది పెదవి అని రెండు భాగాలు. తుమ్మి పూవు దగ్గరగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది, చిన్నప్పుడు దాని తేనె పీల్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్నింటికంటే నాకు నచ్చే పరీక్ష ఇంకోటుంది. సబ్జా మొక్క ఎండిన కంకి నుంచి ఒక్క పూతొడుగు తీసి అరచేతిలో నలపండి. గింజలు నాలుగు. ఒక్కోసారి ఒకటో రెండో తాలు పోతాయి గానీ నాలుగుకి మించవు. ఈ కుటుంబంలో అండాశయం నాలుగు ముక్కలై ఒక్కో ముక్కలో ఒక్కో గింజ అవుతుంది.

ఇప్పుడు టేకు. మాను చూస్తే ఏమీ తెలియదు, ముదిరి గుండ్రంగా అయిపోతుంది. ఆ ఏడు వేసిన లేత కొమ్మని పట్టుకోండి, పలకలు పలకలుగా ఉంటుంది. ఆకులు జంటలే. లేతాకు నలిపితే చేతికి ఎర్రగా అంటుకుంటుంది, అది కుటుంబ లక్షణం కాదు, టేకుదే ప్రత్యేకం. ఆదిలాబాద్ అడవుల వైపు వెళ్తే నలిపి చూడండి. నలుపలకల కాడ కనబడింది కదా అని ప్రతిదాన్నీ తులసి చుట్టం అనెయ్యకండి, రోడ్డు పక్కన పెరిగే లాంటానా కాడ కూడా పలకలుగానే ఉంటుంది, అది వర్బినేసిలోనే మిగిలిపోయింది.

వంకాయ వాళ్ళకైతే పూవే సాక్ష్యం. అయిదు రేకులు అడుగున కలిసిపోయి ఉంటాయి, అయిదు కేసరాలు. పూవు రాలిపోయినా రక్షకపత్రాలు రాలవు, కాయతో పాటే ఉండిపోతాయి. వంకాయ నెత్తిన టోపీ అదే, టమాటా పైన ఆకుపచ్చ నక్షత్రం అదే. బుడ్డబూసర (కొన్నిచోట్ల కుపంటి అంటారు) పండుని కప్పేసే కాగితం లాంటి బుడ్డ కూడా అదే, కాకపోతే బాగా ఉబ్బింది. అశ్వగంధ, అంటే మన పెన్నేరు, దాని ఎర్ర పండు కూడా అలాంటి బుడ్డలోనే దాక్కుంటుంది. ఇంత చూశాక మీ పుష్ప సంకేతం మళ్ళీ చదవండి, బట్టీ పట్టే పని ఉండదు.

ప్రశ్న: వినాయక చవితి పత్రిలో ఈ కుటుంబాల మొక్కలు ఉన్నాయా? ఉమ్మెత్త విషం కదా, దేవుడికెందుకు పెడతారు? — పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 21 పత్రాల్లో అయిదు వీళ్ళవే! పుస్తకం తీసి పూజ వరస చూడండి. బృహతీ పత్రం అంటే వాకుడాకు, దత్తూర పత్రం ఉమ్మెత్త, ఈ రెండూ వంకాయ వైపు. తులసి, మరువకం అంటే మరువం, సింధువార పత్రం అంటే వావిలి, ఈ మూడూ తులసి వైపు. పాత లెక్క ప్రకారం అయితే వావిలి బయట ఉండేది, ఇప్పుడు లోపలికొచ్చింది.

ఎందుకు పెడతారన్నది శాస్త్రులు గారిని అడగాల్సిన ప్రశ్న. నాకు తోచింది చెప్పాలంటే, ఏడాదికోసారైనా పిల్లలు చెట్టూ పుట్టా తిరిగి ఆకుల్ని పేరు పెట్టి గుర్తుపడతారు, అది చాలు. ఇప్పుడేమో బజార్లో కవరు కొంటున్నాం, దాంట్లో పదో పన్నెండో రకాలుంటాయి, మిగతావి ఏ చెట్టు దొరికితే ఆ చెట్టు ఆకులు. ఒక్క జాగ్రత్త, ఉమ్మెత్త కాయ కూడా పత్రితో వస్తే గింజలు చిన్నపిల్లల చేతికి అందకుండా చూడండి, పూజ అయిపోయాక ఆ ఆకుల్ని పశువుల ముందు వెయ్యకండి.

ప్రశ్న: ఆలుగడ్డ పచ్చగా అయితే తినొచ్చా? ఉడికిస్తే విషం పోతుందంటారు. — పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పోదు. వెలుతురు తగిలిన గడ్డలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి పచ్చరంగు రావడం, అది మామూలు ఆకుపచ్చ పదార్థమే, హాని లేదు. రెండోది సొలనిన్, చాకొనిన్ పెరగడం, గొడవంతా వీటితోనే. ఉడికించినా వేయించినా ఇవి పెద్దగా తగ్గవు. ఎక్కువ భాగం తొక్కలోను, మొలకల దగ్గర కళ్ళలోను ఉంటుంది కాబట్టి అక్కడక్కడా పచ్చమచ్చ ఉంటే లోతుగా చెక్కేసి వాడుకోవచ్చు. గడ్డంతా పచ్చబడితే పారెయ్యండి, పది రూపాయలకి మొహమాటపడొద్దు. కూరలో ముక్క చేదుగా తగిలితే ఉమ్మెయ్యండి. దుకాణంలో లైట్ల కింద పోసినవి కాకుండా గోనె సంచీలోవి అడిగి తీసుకోండి, ఇంట్లో చీకట్లో పెట్టుకోండి.

ప్రశ్న: ఎనిమిదో అంతస్తు మేడ మీద కుండీల్లో వంగ మొక్కలు పెట్టాను. బ్రహ్మాండంగా పూస్తాయి, అన్నీ రాలిపోతాయి. ఎరువులు మార్చి మార్చి విసిగిపోయాను. — ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఎరువుల డబ్బాలు పక్కన పెట్టి ముందు పూవుని చూడండి. మధ్యలో పసుపు రంగు కేసరాలు ఒక చోట కుచ్చులా నిలబడి ఉంటాయి. వాటి మధ్య నుంచి ఆకుపచ్చ కీలం, అంటే పూవులో ఆడ భాగం కాడ, పైకి పొడుచుకుని వచ్చిందా, లోపలే ఉండిపోయిందా? పైకి వచ్చిన పూలే కాయ కడతాయి. పొట్టి కీలం ఉన్నవి ఎంత బుజ్జగించినా రాలతాయి, మొక్క పద్ధతే అంత. ఒకే మొక్క మీద రెండు రకాలూ ఉంటాయి. కాబట్టి కొన్ని రాలితే కంగారు పడకండి.

అన్నీ రాలుతున్నాయంటే పరాగం అందట్లేదేమో. ఈ జాతి పూలలో పరాగకోశం పక్కకి చీలదు, కొసన చిన్న రంధ్రం ఉంటుంది, ఉప్పు డబ్బా మూతలాగా. ఎవరో ఒకరు ఊపితే గానీ పొడి రాలదు. పొలంలో ఆ పని గాలి కొంత చేస్తుంది, నల్లగా లావుగా ఉండే తుమ్మెద చాలా బాగా చేస్తుంది. అది పూవుని కరిచి పట్టుకుని జుయ్‌మని ఒళ్ళంతా అదిరిస్తుంది, పుప్పొడి బుస్సున దాని పొట్ట మీద పడుతుంది. తేనెటీగకి ఈ విద్య రాదు. ఎనిమిదో అంతస్తుకి తుమ్మెదలు రావడం తక్కువే కాబట్టి ఆ పని మీరే చెయ్యాలి. పొద్దున పూట పూవు తొడిమకి వెనక వైపు పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ రెండు మూడు సెకన్లు ఆనించండి. అది లేకపోతే వేలితో మెల్లగా మీటినా సరిపోతుంది. టమాటాకి కూడా ఇదే వైద్యం. ఎండలు బాగా ముదిరాక మాత్రం ఏం చేసినా పూత నిలవదు, వాన పడే దాకా ఆగాలి. యూరియా తగ్గించండి, ఆకులు ఏపుగా ఉంటే చూడటానికి బాగుంటుందంతే.

ప్రశ్న: మూడేళ్ళుగా మిరప మీద మిరప వేస్తున్నం. మొక్కలు పచ్చగ ఉండంగనే వడలి చస్తున్నయ్. ఈసారి మారుద్దామని టమాట, వంకాయ అనుకుంటున్న. — రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: అది మార్చినట్టు కాదండీ. పేరు మారింది గానీ ఇల్లు మారలేదు. మొక్క పచ్చగా ఉండగానే వడలిపోయిందంటే బాక్టీరియా ఎండుతెగులు అయ్యుండొచ్చు. ఆ బాక్టీరియాకి పెట్టిన పేరే రాల్‌స్టోనియా సొలనేసియారమ్, ఈ కుటుంబం పేరు మీదే పెట్టారు. టమాటా, వంగ, మిరప, ఆలు, పొగాకు, ఏది వేసినా దానికి పండగే. మొదలు దగ్గర కాండం కోసి గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లగా దారంలా జిగురు కిందికి దిగితే అదే. దిగకపోతే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండుతెగులు కావచ్చు, వేర్లకి బుడిపెలుంటే నులిపురుగు. ఒక మొక్కని మట్టితో సహా తీసుకెళ్ళి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి, మందుల షాపులో కాదు. పంట మాత్రం పూర్తిగా మార్చండి. మొక్కజొన్న, జొన్న వేసుకుంటే మేలు, నులిపురుగు ఉంటే బంతి కూడా పనికొస్తుంది.

ప్రకాశం జిల్లా నుంచి ఇంకో రైతు 'పొగాకు మల్లె' గురించి అడిగారు, అదీ ఇక్కడే చెప్పేస్తా. పొగాకు మొక్క మొదలు దగ్గర నేలలోంచి పుట్టుకొచ్చే ఆ ఆకుల్లేని మొక్క వేరు మీద బతికే పరాన్నజీవి. టమాటా, వంగ వేర్లనీ వదలదు. ఒక్కో మొక్కకి దుమ్ములాంటి గింజలు వేలకు వేలు, నేలలో ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. పూత రాకముందే పీకి చేను బయట తగలబెట్టడం ఒక్కటే గట్టి దారి. చేలో కూలీలు చుట్టా బీడీ ముట్టుకున్న చేత్తో టమాటా నారు ముట్టుకోకుండా చూసుకోవడం కూడా అవసరమే. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా చావదు, చేతుల ద్వారా నారుకి ఎక్కుతుంది. మనిషి మొట్టమొదట కనుక్కున్న వైరస్ అదే, 1890లలో. చేతులు సబ్బుతో కడుక్కోమనండి.

ప్రశ్న: ఉమ్మెత్త మొక్కకి ఏ తెగులూ రాదు కదా, దాని మీద టమాటా అంటు కడితే గట్టిగా ఉంటుందని ఒక వీడియోలో చూశాను. చెయ్యొచ్చా? — మిద్దెతోట అభిమాని, తిరుపతి

జవాబు: వద్దు. వద్దంటే వద్దు.

అంటు అతుక్కుంటుంది, ఒకే కుటుంబం కాబట్టి. చిక్కల్లా అక్కడే ఉంది. ఈ కుటుంబంలో కొన్ని మొక్కలు విషాన్ని వేరులో తయారుచేసి ఆకులకి, కాయలకి పైకి పంపిస్తాయి. పొగాకు వేరు మీద టమాటా అంటుకట్టి చూసిన పాత ప్రయోగాల్లో టమాటా ఆకుల్లోకి నికోటిన్ వచ్చేసింది. పొగాకు రైతులు పూత తల తుంచేస్తారు కదా, ఆకు బరువెక్కడంతో పాటు నికోటిన్ పెరగడానికి కూడా అదే కారణం, పైన పూవుకి వెళ్ళాల్సిన బలం వేరుకి వెళ్తుంది. ఉమ్మెత్తదీ ఇదే లెక్క. 1960లలో అమెరికాలో ఉమ్మెత్త జాతి మొక్క మీద అంటుకట్టిన టమాటాలు తిన్నవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు కూడా. కాయ చూడటానికి మామూలు టమాటాలాగే ఉంటుంది.

అంటు కట్టాలని సరదా ఉంటే వంగ వేరు మీద టమాటా కట్టండి. వానలకి నీళ్ళు నిలిచినా ఓర్చుకుంటుంది, ఎండుతెగులునీ తట్టుకుంటుంది. వంగని ఉస్తికాయ వేరు మీద కడతారు. వారణాసిలోని భారతీయ కూరగాయల పరిశోధన సంస్థ వాళ్ళు 2021లో ఒకే మొక్కకి వంకాయలు, టమాటాలు రెండూ కాయించి దానికి 'బ్రిమాటో' అని పేరు పెట్టారు. మిద్దె మీద చుట్టాలకి చూపించుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

ప్రశ్న: అంత ప్రమాదమైన ఉమ్మెత్త విషాన్నే ఆసుపత్రిలో మందుగా ఇస్తారంటారు. నిజమా? — ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: నిజమే. కంటి డాక్టరు కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు చూడండి, తర్వాత కాసేపు ఎదురుగా ఉన్న అక్షరం కూడా కనబడదు, ఆ చుక్కల్లో ఒకటి అట్రోపిన్. బెల్లడోనా, ఉమ్మెత్త జాతుల్లో ఉండే పదార్థమే. మన ప్రాంతంలో దాని అసలు విలువ ఇంకోచోట ఉంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లోకి వెళ్ళినప్పుడు నరాల చివర కబుర్లు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం పేరుకుపోతుంది. నోట్లోంచి నురగ, చెమటలు, ఊపిరితిత్తుల్లో నీరు, కంటిపాప సూదిమొనంత అవుతుంది. అట్రోపిన్ సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తుంది, స్రావాల్ని ఎండగడుతుంది, గుండె వేగం పెంచుతుంది. జిల్లా ఆసుపత్రుల్లో ఎన్ని ప్రాణాలు దీనివల్ల నిలబడ్డాయో అక్కడ డ్యూటీ చేసినవాళ్ళని అడగాలి.

ఉమ్మెత్త తిన్న మనిషికి ఇదంతా తిరగబడి కనిపిస్తుంది. నోరు ఎండిపోతుంది, ఒళ్ళు కాలిపోతుంది, పాప పెద్దదైపోతుంది, ఏదేదో మాట్లాడతాడు, లేని మనుషుల్ని చూస్తాడు. అలాగని పురుగుమందుకి ఉమ్మెత్త ఆకు విరుగుడు అని ఎవరైనా అంటే వినకండి. ఒక ఆకులో మందు ఎంత ఉందో ఎవరికీ తెలియదు, మొక్క మొక్కకీ మారుతుంది. ఆసుపత్రిలో అయితే ఛాతీ విని, నాడి చూసి కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. పిచికారీ చేసి వచ్చినవాళ్ళకి కళ్ళు మసకబారి చెమటలు పడుతుంటే బట్టలు విప్పించి, ఒళ్ళు సబ్బుతో కడిగి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మిరపకాయ తింటే మంట, పుదీనా తింటే చల్లన. నిజంగా వేడి పుడుతుందా, చల్లబడుతుందా? — పాఠకురాలు, గుంటూరు

జవాబు: గుంటూరు నుంచే ఈ ప్రశ్న రావాలి! థర్మామీటరు పెట్టి చూస్తే నోట్లో వేడీ లేదు, చల్లనా లేదు. మన నరాల చివర ఉష్ణోగ్రతని పసిగట్టే తలుపులుంటాయి. ఒకటి సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకుని 'కాలుతోంది' అని మెదడుకి కబురు పెడుతుంది. మిరపలో ఉండే కాప్సైసిన్ ఆ తలుపుని వేడి లేకుండానే తీసేస్తుంది. ఇంకోటి చల్లదనానికి తెరుచుకునేది, దాన్ని మెంథాల్ తీస్తుంది. ఈ రెండింటినీ కనుక్కోవడంలో ముఖ్యులైన డేవిడ్ జూలియస్‌కి, ఆర్డెమ్ పటపూటియన్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పక్షులకి మాత్రం కాప్సైసిన్ మంట తెలియదు, చిలకలు పండుమిరపకాయలు హాయిగా తినేది అందుకే. జంతువులు గింజల్ని నమిలి పాడుచేస్తాయి, పక్షులు మింగి దూరంగా వేస్తాయి, మిరపకి కావలసింది అదే.

కారం గింజలో ఉంటుందనుకుంటాం గానీ, గింజలు అంటుకుని ఉండే తెల్లని ఈనెలో ఉంటుంది. అది గీకేస్తే కారం తగ్గుతుంది. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, అందుకే ఆవకాయ మంటకి నీళ్ళు తాగితే ఏం లాభం లేదు, పెరుగన్నమో నెయ్యో కావాలి. వ్యాపారంలో కూడా కారం లెక్క వేరు, రంగు లెక్క వేరు. తేజ రకం కారానికి పోతుంది, కర్ణాటక బ్యాడిగి రంగుకి పోతుంది, వరంగల్ చపాటా కూడా అంతే, ఎర్రగా లావుగా ఉండి కారం తక్కువ.

అన్నట్టు, మన వంటింటి పుదీనాలో ఎక్కువగా వాడే రకంలో మెంథాల్ చాలా తక్కువ. దాని వాసన కార్వోన్ అనే వేరే పదార్థానిది. అదే కార్వోన్‌కి అద్దంలో ప్రతిబింబం లాంటి అణువు సోయికూర గింజల్లో ఉంది. కుడి ఎడమలు మారితే ముక్కుకి వాసనే మారిపోతుంది, నాకు ఎన్నిసార్లు తల్చుకున్నా ఆశ్చర్యమే.

ప్రశ్న: మెంథాల్ పుదీనా సాగు చేస్తే ఎకరానికి లక్షలు అని ఒక కంపెనీ వాళ్ళు వచ్చి చెప్తున్నారు. పిలకలు వాళ్ళే ఇస్తారట, ముందే డబ్బు కట్టాలట. — రైతు, అనంతపురం జిల్లా

జవాబు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మెంథాల్ పుదీనా అంటే మెంథా ఆర్వెన్సిస్, దానికి రాజధాని ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ, చుట్టుపక్కల జిల్లాలు. ప్రపంచంలో ఈ నూనె అన్నింటికంటే ఎక్కువ తీసేది మన దేశమే. అక్కడి రైతులు చలికాలం చివర పిలకలు నాటి, ఎండాకాలంలో కోసి, ఊళ్ళోనే ఉన్న బట్టీలో ఆవిరి పట్టి నూనె తీస్తారు. మంచి పంట అయితే హెక్టారుకి 100 కిలోలకు పైగా వస్తుంది. నూనెని చల్లబరిస్తే మెంథాల్ పలుకులు కడుతుంది, అదే టూత్‌పేస్టులోకి, నొప్పి బామ్‌లోకి, దగ్గు బిళ్ళల్లోకి వెళ్తుంది.

మీకు చెప్పాల్సిన సంగతులు మూడున్నాయి. నీళ్ళు విపరీతంగా తాగుతుంది, ఎండాకాలంలో మళ్ళీ మళ్ళీ తడి పెట్టాలి, అనంతపురంలో బోరు నమ్ముకుని అది చేస్తారా? నూనె తీసే బట్టీ దగ్గర్లో లేకపోతే కోసిన ఆకు పశువులకి కూడా పనికిరాదు. ధర ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది, పైగా ఫ్యాక్టరీలో తయారయ్యే మెంథాల్ పోటీ ఉంది. సుగంధ, ఔషధ మొక్కల కేంద్ర సంస్థ సీమ్యాప్ లక్నోలో ఉంది, దాని పరిశోధన కేంద్రం హైదరాబాద్‌లో కూడా ఉంది. ముందు వాళ్ళని అడగండి, మీ నేలకి ఏది పనికొస్తుందో చెప్తారు. కొనేవాడు ముందే డబ్బు అడుగుతున్నాడంటే అతను కొనడానికి రాలేదు, అమ్మడానికి వచ్చాడు.

ప్రశ్న: చియా, సబ్జా ఒకటేనా? ధరలో ఇంత తేడా ఏంటి? — పాఠకురాలు, డాలస్

జవాబు: ఒకటి కాదు గానీ అక్కాచెల్లెళ్ళే, రెండూ తులసి కుటుంబం. చియా మెక్సికో వైపు మొక్క, సబ్జా మన రుద్రజడ. సబ్జా నల్లగా ఒకే రంగులో ఉంటుంది, నీళ్ళలో వేసిన కాసేపటికే ఉబ్బుతుంది. చియా బూడిద, నలుపు మచ్చలతో ఉంటుంది, నానడానికి టైం పడుతుంది. ఒమేగా-3 కోసం అయితే చియా మంచిదే, ఎండాకాలం చలవకి, ఫలూదాకి సబ్జా చాలు. ధరలో తేడాకి కొంత దిగుమతి, చాలావరకు ఫ్యాషన్. రెండింట్లో ఏదైనా పొడిగా నోట్లో వేసుకుని మింగకండి, గొంతులో ఉబ్బి ఇరుక్కుంటాయి.

ప్రశ్న: పూలమాలలో మరువం, దవనం పక్కపక్కనే కడతారు. రెండూ తులసి కుటుంబమేనా? — పాఠకుడు, కడప

జవాబు: మరువం అవును, దవనం కాదు. దవనం చామంతి కుటుంబం.

ప్రశ్న: పొలం గట్టు మీద కామంచి పండ్లు మా పిల్లలు తింటున్నారు. నెట్‌లో వెతికితే బ్లాక్ నైట్‌షేడ్, ప్రాణాంతకం అని ఉంది. భయంగా ఉంది. — తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: ఇంగ్లీషులో ఆ పేరు రెండు మూడు మొక్కలకి కలిపి వాడేస్తారు, గందరగోళం అక్కడ పుట్టింది. ప్రాణం తీసేది బెల్లడోనా. దాని పూవు గంటలా వేలాడుతుంది, ఊదా రంగు, కాయ ఒక్కొక్కటే విడిగా కాస్తుంది, చెర్రీ పండంత ఉంటుంది. మన మైదానాల్లో అది పెరగదు. కామంచికి చిన్న తెల్లని నక్షత్రాల్లాంటి పూలు, శనగగింజంత పండ్లు గుత్తులుగా. మీ జిల్లాలో ఆకు పప్పులో వేసుకుంటారు, తమిళనాడు వైపు మణత్తక్కాళి అని కట్టలు కట్టి అమ్ముతారు. బాగా నల్లగా మాగిన పండ్లు తినొచ్చు. పచ్చికాయలు మాత్రం తిననివ్వకండి, వాటిలో సొలనిన్ ఉంటుంది, కడుపునొప్పి, వాంతులు వస్తాయి. ఆకు కూడా పచ్చిగా కాదు, ఉడికించే తినాలి. ఒకసారి పిల్లలతో పాటు గట్టు మీదకి వెళ్ళి ఏ మొక్క, ఏ రంగు పండు అని దగ్గరుండి చూపించండి. పురుగుమందు కొట్టిన చేను గట్టయితే ఏ పండూ తిననివ్వద్దు.